పాప తప్పు చదివినా యాప్‌కి ఒప్పే వినిపించింది

చిన్న ప్రైవేటు బడులకు రికార్డులు, ఫీజు లెక్కలు, టైమ్‌టేబుళ్లు సర్దిపెట్టడం నా పని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఎక్కువగా తిరుగుతుంటాను. ఈ కేసు విజయనగరం జిల్లాలోని ఒక బడిది. ఊరు, బడి, మనుషుల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని కావాలనే మార్చాను.

బడి పనికీ దీనీ (మత) చదువుకీ ఏఐ పెట్టాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. చాలామంది డెమో చూసి, బాగుందనిపిస్తే కొనేస్తున్నారు. ఈ బడిలో మాత్రం ప్రతి పనికీ ముందు మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఇది తప్పు చెబితే పట్టుకునే మనిషి ఎవరు? ఎంతసేపట్లో పట్టుకుంటాడు? ఈలోపు జరిగే నష్టం ఎంత? వీటికి జవాబు దొరికిన చోట ఏఐ నిలబడింది, దొరకని చోట తీసేశాం.

నేపథ్యం

నర్సరీ నుంచి పదో తరగతి వరకు 300 మందికి కాస్త పైన పిల్లలు. బోర్డు మీద ఇంగ్లిష్ మీడియం అని ఉంటుంది, క్లాసులో సగం తెలుగే నడుస్తుంది. పిల్లల్లో ఎక్కువమంది ముస్లింలు, మిగతావాళ్లు చుట్టుపక్కల వీధులవాళ్లు. తండ్రులు మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, టైలర్లు. కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. బడి వెనకే మస్జిద్, దానికి ఆనుకుని మక్తబ్, అంటే పిల్లలకు ఖుర్‌ఆన్ నేర్పే బడి. బడి సాయంత్రం నాలుగుంపావుకి వదులుతుంది. పిల్లలు అటునుంచి అటే మక్తబ్‌కి పోయి మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) దాకా చదువుకుంటారు. చిన్నవాళ్లకి ఖాయిదా, అంటే అరబీ అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం; తర్వాత నాజిరా, అంటే ఖుర్‌ఆన్ చూసి చదవడం. కొద్దిమంది హిఫ్జ్‌లో ఉన్నారు, మొత్తం కంఠస్థం చేస్తున్నారు. వాళ్లు ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత కూడా వస్తారు.

చెప్పేవాళ్లు ఇద్దరే. మగపిల్లలకు హజ్రత్ అని అందరూ పిలిచే మౌల్వీ, ఆడపిల్లలకు ఒక ఆపా (టీచరమ్మ). హజ్రత్‌ది బీహార్. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండటంతో తెలుగు బాగా పట్టుబడింది, యాసతో సహా. ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు తక్కువే గానీ నిన్న మొన్న వచ్చినవాళ్లు కాదు. కుతుబ్‌షాహీల కాలానికే శ్రీకాకుళం ఫౌజ్‌దారు (సుల్తాను తరఫు అధికారి) ఉండే చోటు. తక్కువమంది కావడంతో వచ్చే చిక్కు వేరే ఉంది. పక్కన ఇంకో మక్తబ్ ఉండదు, సందేహం వస్తే అడగడానికి దగ్గరలో ముఫ్తీ ఉండడు, హజ్రత్ సెలవు పెడితే ఆ స్థానంలో కూర్చునేవాడు అంత తేలిగ్గా దొరకడు. పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడినా చదివేది తెలుగే. అందుకే ఫోన్‌లో తెలుగులో జవాబు చెప్పేది ఏదైనా ఇక్కడ ఇట్టే పాకిపోతుంది.

ఏమని పిలిచారు, ఏం కనిపించింది

పక్క వీధిలో కొత్తగా వచ్చిన పెద్ద స్కూలు ఫ్లెక్సీ మీద ‘ఏఐ’ అని వేసింది. దాంతో కరస్పాండెంట్‌కి టెన్షన్ పట్టుకుంది. “మనకీ ఏదో ఒకటి పెట్టండి సార్, అడ్మిషన్లు పోతాయి” అన్నారు. అప్పటికే ఆయన దగ్గర మూడు కొటేషన్లు ఉన్నాయి. ముఖం చూసి హాజరు వేసే కెమెరా ఒకటి, తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ ఒకటి, పిల్లల పారాయణం విని మార్కులు వేసే ‘ఖుర్‌ఆన్ ట్యూటర్’ యాప్ ఒకటి.

ముందు రిజిస్టర్లు చూపించమన్నాను. బడి రిజిస్టర్ ఒకటి, మక్తబ్ నోట్‌బుక్ ఒకటి. ఈ రెండూ ఎప్పుడూ ఒక బల్ల మీదికి వచ్చినట్టు లేవు. ఒకే పిల్లాడు బడిలో ‘ఎస్‌.కె. మహమ్మద్’, మక్తబ్‌లో ‘షేక్ ముహమ్మద్’, ఆధార్‌లో మూడో స్పెల్లింగు. హిఫ్జ్ పిల్లలు ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి లెక్కల్లో వెనకపడుతున్నారని టీచర్ల ఫిర్యాదు. అదే సమయంలో పాఠం కచ్చా అవుతోందని హజ్రత్ ఫిర్యాదు. రెండూ ఒకే పిల్లల గురించి అని ఎవరూ పోల్చి చూడలేదు. అసలు సమస్య ఇది. కొటేషన్లలో ఉన్న మూడు వస్తువుల్లో ఏదీ దీనికి మందు కాదు.

కెమెరాను మొదట్లోనే వద్దన్నాను. క్లాసుకి ముప్పై మంది లోపే ఉన్న చోట టీచరు తలెత్తి చూస్తే ఎవరు రాలేదో తెలుస్తుంది. పిల్లల ముఖాల ఫొటోలు కంప్యూటర్‌లో ఉంచుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి అడగాలి; 18 ఏళ్లలోపు వాళ్ల డేటాకు ఆ అనుమతి ఉండాలనే నియమం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది. పెద్ద తరగతుల ఆడపిల్లల ఇళ్లలో దానికి ఒప్పుకోరని హెడ్‌మిస్ట్రెస్ ముందే చెప్పారు. ఇంత తలనొప్పి పడి సాధించేది రోజుకి రెండు నిమిషాల ఆదా.

పేర్లు, వేళలు

రెండు రిజిస్టర్లను కలపడానికి ఏఐ వాడాం. స్పెల్లింగు తేడాలున్న పేర్లను జత కలపడంలో అది మనిషికంటే చాలా వేగం. అయితే ఒకే వీధిలో ఉన్న ఇద్దరు షేక్ ఆయేషాలను ఒక్క ఆయేషాని చేసేసింది. అలాగే వదిలేసి ఉంటే ఒక పాప ఫీజు బాకీ ఇంకో పాప తల్లికి మెసేజ్‌గా వెళ్లేది. ఆ తర్వాత పద్ధతి మార్చాం. యంత్రం జతలు సూచిస్తుంది, అడ్మిషన్ నంబరూ పుట్టిన తేదీ చూసి క్లాస్ టీచర్ ఖాయం చేస్తారు. టీచరుకి పిల్లలు తెలుసు గనుక ఒక్కో జతకి క్షణం చాలు.

వేళల విషయంలో తప్పు చూడ్డానికి ఇంకా నీటుగా వచ్చింది, అందుకే ఇంకా ప్రమాదం. 2025లో రంజాన్ నెలా పదో తరగతి పరీక్షలూ మార్చిలోనే కలిసి వచ్చాయి. ఆఫీసు క్లర్కు చాట్‌బాట్‌తో రంజాన్ టైమ్‌టేబులూ తల్లిదండ్రులకు నోటీసూ తయారు చేయించాడు. చక్కటి తెలుగు, గళ్లు గీసిన పట్టిక, చూడముచ్చటగా ఉంది. కానీ అందులో ఉపవాసాలు మార్చి 1న మొదలై పండుగ 30న వస్తుందని ఉంది. అవి సౌదీ తేదీలు. మన దగ్గర మొదలైంది 2న, పండుగ 31న. సహరీ (తెల్లవారకముందు తినే భోజనం), ఇఫ్తార్ వేళలేమో హైదరాబాద్‌వి. విజయనగరం హైదరాబాద్‌కి దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది, 20 నిమిషాలు ముందే పొద్దుగుంకుతుంది. ఇఫ్తార్ 20 నిమిషాలు ఆలస్యమైతే ఆకలి తప్ప వేరే నష్టం లేదు. సహరీ అలా కాదు. ఆ పట్టిక నమ్ముకుని చివరి నిమిషం దాకా తిన్నవాడికి అప్పటికే ఫజర్ వచ్చేసి ఉంటుంది, ఆ రోజు ఉపవాసం చెల్లదు.

హెడ్‌మిస్ట్రెస్ మస్జిద్ గోడమీద చార్టు పక్కన పెట్టి చూశారు, తప్పు వెంటనే బయటపడింది. అప్పటినుంచి నమాజు వేళ గానీ ఇస్లామీ తేదీ గానీ ఉన్న ఏ కాగితమైనా ఆ చార్టుతో పోల్చి చూశాకే బయటికి వెళ్తుంది. పండుగ సెలవు నోటీసుల్లో ‘నెలవంక కనిపించినదాన్ని బట్టి’ అన్న మాట తప్పనిసరి చేశాం. నోటీసులు, మోడల్ ప్రశ్నపత్రాలు ఏఐతో రాయించుకోవడం మాత్రం టీచర్లు మానలేదు, మానాల్సిన అవసరం కూడా లేదు. చదివి దిద్దేవాళ్లు అక్కడే ఉన్నారు.

చాట్‌బాట్ చెప్పిన హదీస్

చాట్‌బాట్‌ని బడి కొనకముందే అది ఇళ్లలోకి వచ్చేసింది. ఒక తల్లి ఆఫీసుకొచ్చి నిలదీసింది. “ఏటి సార్ ఇది? మస్జిద్‌లో నేర్పినది ఒకటి, ఫోను చెప్తున్నది ఒకటి. మావోడు వాళ్ల తాతకే నమాజు రాదంటన్నాడు!” తొమ్మిదో తరగతి కుర్రాడు నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలని ఫోన్‌ని అడిగాడు. ఛాతీ మీద అని జవాబొచ్చింది. ఆ ఇల్లూ ఆ మస్జిదూ హనఫీ పద్ధతి (ఇస్లాం ఆచరణ సంప్రదాయాల్లో ఒకటి), మగవాళ్లు నాభి కింద కట్టుకుంటారు. జవాబు అబద్ధమని అనలేం, అలా కట్టుకునేవాళ్లూ ఉన్నారు. అయితే అడిగిన పిల్లాడు ఎవరు, ఏ పద్ధతిలో పెరిగాడు అన్నది యంత్రం అడగలేదు. అసర్ (సాయంత్రపు నమాజు) వేళ విషయంలోనూ ఇదే తంతు. వస్తువు నీడ దాని పొడవంత అయితే అసర్ అని కొందరంటారు, రెండింతలు కావాలని హనఫీలంటారు. మన బడి సాయంత్రం టైమ్‌టేబులంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

హదీస్‌ల (ప్రవక్త మాటలు, చేతలుగా నమోదైనవి) సంగతి ఇంకా గట్టిది. అదే కుర్రాడి ఫోన్‌లో వచ్చిన జవాబుల్లో గ్రంథం పేరు, నంబరు సహా కొన్ని హదీస్‌లు ఉన్నాయి. హజ్రత్ కితాబులు దించి ఒక్కొక్కటీ వెతికారు. కొన్ని సరిపోయాయి. కొన్నింటికి నంబరు కలవలేదు. అది యంత్రం తప్పే కానక్కర్లేదు, ఎందుకంటే ఒకే గ్రంథానికి ఒక్కో ముద్రణలో ఒక్కో నంబరింగు ఉంటుంది. ఒకటి మాత్రం ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. మాట తీరు అచ్చం హదీస్‌లాగే ఉంది, నీతి కూడా మంచిదే.

“మంచి మాటే కదా, పోనీ” అని కరస్పాండెంట్ తేలిగ్గా తీసుకోబోయారు. హజ్రత్ ఒప్పుకోలేదు. “భాయ్, మంచి మాటైతే మంచి మాట అని చెప్పండి. ప్రవక్త చెప్పారనొద్దు.” తన పేరు మీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో చోటు సిద్ధం చేసుకోవాలి అని ప్రవక్త హెచ్చరించిన హదీస్ చాలా ప్రసిద్ధం. ఆ భయంతోనే ముస్లిం పండితులు ప్రతి మాటకీ ఎవరు చెప్పారు, ఆయనకి ఎవరు చెప్పారు అని గొలుసుకట్టుగా పేర్లు రాసి పెట్టుకున్నారు. దాన్ని ఇస్నాద్ అంటారు. గొలుసులో ఒక్క మనిషి మీద అనుమానం వచ్చినా మాట బలం తగ్గిపోతుంది. యంత్రం ఇచ్చిన జవాబుకి ఆ గొలుసే ఉండదు.

ఇక్కడ తప్పు పట్టగలిగేది ఊళ్లో ఒక్క హజ్రత్. ఆయనకి ఒక సాయంత్రం పట్టింది. పిల్లలు రోజూ అడిగే ప్రశ్నలకు ఇలా చేయడం ఎవరి తరమూ కాదు. అందుకని దీనీ ప్రశ్నలకు జవాబిచ్చే చాట్‌బాట్ కొనుగోలు ఆపేశాం. దాని బదులు పిల్లలు ప్రశ్నలు వాట్సాప్‌లో ఆఫీసు నంబరుకి పంపుతారు, ఏఐ ఒకే రకం ప్రశ్నలను ఒక చోట చేరుస్తుంది, వారానికోసారి హజ్రత్ గొంతుతో జవాబు చెబుతారు. ఆ రికార్డింగులు దాచి పెట్టాం. పాత ప్రశ్నే మళ్లీ వస్తే పాత జవాబే వెళ్తుంది.

ఇంకో పని హజ్రత్ తనంతట తానే మొదలుపెట్టారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చాట్‌బాట్ ఇచ్చిన హదీస్ ఒకటి ఇచ్చి, కితాబులో వెతికి ఉందో లేదో చెప్పమంటారు. మొత్తం కేసులో పిల్లలు ఎగబడి చేసిన పని ఇదొక్కటే.

పారాయణం వినే యాప్

కరస్పాండెంట్‌కి అన్నిటికంటే నచ్చింది ఈ యాప్. ఒక్క హజ్రత్ అంతమంది పిల్లల చదువు వినలేరు. రోజూ ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు దక్కితే గొప్ప. యాప్ అయితే ఎంతసేపైనా వింటుంది. వాదన సబబుగానే ఉంది, అందుకే నేనూ కొట్టిపారేయలేదు. హజ్రత్‌నే పరీక్ష పెట్టమన్నాను.

ఆయన ఫోన్ చాప మీద పెట్టించి, ఖాయిదా చదివే ఒక చిన్న పాపను ఖుర్‌ఆన్‌లోని ఇఖ్లాస్ సూరా (అధ్యాయం) చదవమన్నారు. మొదటి మాటలోనే ఖాఫ్ అనే అక్షరం ఉంది. అది నాలుక వెనక మొదట్లోంచి, లోతుగా రావాలి. పాప మామూలు ‘క’ పలికింది. అలా పలికితే ‘చెప్పు’ అన్న అర్థం పోయి ‘తిను’ అవుతుంది. స్క్రీన్ మీద ఆ మాట పచ్చగా వెలిగింది. చివరిదాకా అన్నీ పచ్చే. తర్వాత హజ్రత్ తానే చదివారు, అహద్ అన్న చోట గొంతులోంచి ఒత్తుకుని రావాల్సిన ‘హ’ని కావాలనే తేలిక ‘హ’గా మార్చేశారు. మళ్లీ పచ్చే. మూడోసారి నడుమ ఒక ఆయత్ (వాక్యం) వదిలేసి ముందుకు పోయారు. టక్కున ఎరుపు వచ్చింది.

ఈ తేడాకి కారణం ఉంది. మన దగ్గర చదివే ఖుర్‌ఆన్ పాఠం ఏ ప్రతిలోనైనా ఒకటే. ఇలాంటి యంత్రాలు ఎక్కువగా పెద్ద ఖారీల (పారాయణ నిపుణుల) శుద్ధమైన పారాయణాలు విని నేర్చుకుంటాయి. ఫలానా మాట తర్వాత ఏ మాట వస్తుందో వాటికి ముందే తెలుసు. శబ్దం కాస్త అటూ ఇటూగా ఉన్నా రావాల్సిన మాటే వచ్చిందని రాసుకుంటాయి. పిల్లాడు వేమన పద్యం నసుగుతూ అప్పజెప్పినా మనకి పూర్తి పద్యం వినిపించినట్టే. పాప చదివింది తప్పు, యాప్ విన్నది ఒప్పు. మాట ఎగిరిపోతే మాత్రం దానికి తెలుస్తుంది.

తెలుగు పిల్లలకు కష్టమయ్యేవి సరిగ్గా ఈ అక్షరాలే. సీన్, సాద్, సా మూడింటినీ ‘స’గా చదువుతారు. జాల్, జా, జోయ్, జాద్ అన్నీ ‘జ’ అయిపోతాయి. ఖాయిదా దశలో దిద్దాల్సింది ఇదే. ఈ దశలో పచ్చదీపం చూపిస్తే తప్పు అలవాటై కూర్చుంటుంది. ఆ అలవాటు వదిలించడం కొత్తగా నేర్పడంకన్నా కష్టమని హజ్రత్ అనుభవం. పట్టుకునే మనిషి లేడు, నష్టం ఏళ్లపాటు ఉంటుంది. కాబట్టి ఖాయిదా, నాజిరా పిల్లలకు యాప్ వద్దన్నాం.

హిఫ్జ్ పిల్లల లెక్క వేరు. వాళ్ల ఉచ్చారణ అప్పటికే గట్టిపడి ఉంటుంది. వాళ్ల ఇబ్బంది పాత పాఠం, అంటే మంజిల్. ఖుర్‌ఆన్‌లో ఒకేలాంటి ఆయత్‌లు చాలా ఉన్నాయి. ఒక చోట ‘గఫూరుర్రహీమ్’ అని ముగిస్తే ఇంకో చోట ‘అజీజున్ హకీమ్’ అని ముగుస్తుంది. ఒకటి బదులు ఇంకోటి వచ్చిందంటే పిల్లాడు తెలియకుండానే వేరే సూరాలోకి జారిపోతాడు. ఇది యాప్ పట్టుకోగల తప్పే. కాబట్టి ఇంట్లో మంజిల్ తిరగేయడానికి వాళ్లకు ఇచ్చాం. షరతు ఏమిటంటే, ఎరుపు వస్తే ముసహఫ్ (ఖుర్‌ఆన్ ప్రతి) తెరిచి చూసుకోవాలి. ఫ్యాను చప్పుడుకీ, సన్నటి గొంతులకీ అది ఉత్తినే ఎరుపు చూపించడం కూడా ఉంది. పచ్చ అంటే మాటలు పోలేదని అర్థం, పాఠం వచ్చిందని చెప్పాల్సింది హజ్రతే.

గొంతు రికార్డవుతుంది గనుక ఇళ్లకు అనుమతి పత్రాలు తెలుగులోనూ ఉర్దూలోనూ పంపాం. ఆడపిల్లల ఇళ్లలో కొందరు వద్దన్నారు. మళ్లీ అడగలేదు. వాళ్ల మంజిల్ ఆపానే వింటున్నారు.

పనికొచ్చింది

హిఫ్జ్‌లో ప్రతి పిల్లాడికీ రోజూ మూడు పద్దులుంటాయి. సబఖ్ అంటే ఈరోజు కొత్త పాఠం, సబ్ఖీ అంటే ఈమధ్య చదివినది, మంజిల్ అంటే పాతది. హజ్రత్ ఇవన్నీ ఉర్దూలో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఆ పేజీలను ఫొటో తీసి ఏఐతో చదివించి చూశాం. చేతిరాత నస్తాలీఖ్ (ఉర్దూ రాసే ఏటవాలు శైలి), దానికి తోడు ఉర్దూ అంకెల్లో 2కీ 3కీ తేడా ఒక్క పంటి గీత. మూడో పారా (ఖుర్‌ఆన్ ముప్పై భాగాల్లో ఒకటి) చదివే పిల్లాడిని రెండో పారాలో కూర్చోబెట్టింది. పట్టిక నీటుగా వచ్చేసరికి ఎవరికీ అనుమానం రాలేదు, హజ్రత్ చూస్తే తప్ప తెలియలేదు. ఆ దారి వదిలేశాం.

హజ్రత్‌కి టైపు చేయడం రాదు, మాట్లాడటం వచ్చు. మగ్రిబ్ తర్వాత ఒక వాయిస్ నోట్ పెట్టమన్నాను. పిల్లల పేర్లు బయటికి పోకుండా నంబర్లతో చెబుతారు. “బారా నంబరు, పారా సాత్, సబఖ్ ఆధా పేజీ, మంజిల్ కచ్చా. తేరా నంబరు రాలేదు, జ్వరమంట.” ఉర్దూ, తెలుగు కలిసిపోయిన ఆ మాటలను ఏఐ పట్టికలో పెడుతుంది. మర్నాడు మక్తబ్ మొదలయ్యేలోపు క్లర్కు దాన్ని హజ్రత్‌కి చదివి వినిపిస్తాడు. విన్న మనిషే దిద్దుతాడు, అదీ ఇంకా గుర్తుండగానే. మిగతావి ఎందుకు నిలబడలేదో, ఇది ఎందుకు నిలబడిందో తేడా అక్కడే ఉంది.

కొన్ని నెలల పట్టికను బడి మార్కుల పక్కన పెట్టేసరికి, టీచర్లూ హజ్రత్‌ విడివిడిగా చెబుతున్నది ఒకటే అని తేలింది. ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలు వచ్చిన వారాల్లోనే ‘మంజిల్ కచ్చా’ గుంపులుగా కనిపించింది. కొత్త పారా మొదలైనప్పుడు లెక్కల హోంవర్కు ఎగ్గొట్టడం కనిపించింది. చలికాలంలో ఇంకా అధ్వానం. నవంబరు చివర్లో ఇక్కడ 5.20 ప్రాంతంలోనే సూర్యాస్తమయం, జూలైలో 6.30 దాటాకే. అంటే చలికాలంలో బడి వదిలాక నమాజు పోను మక్తబ్‌కి మిగిలేది గంట కూడా కాదు, సబఖ్ మాత్రం వేసవిలో ఎంతో అంతే ఇస్తున్నారు.

హెడ్‌మిస్ట్రెస్, లెక్కల టీచరు, హజ్రత్ కూర్చుని మాట్లాడుకున్నారు. పరీక్షల వారంలో కొత్త సబఖ్ ఉండదు, మంజిల్ మాత్రమే. చలికాలంలో సబఖ్ తగ్గించి, హిఫ్జ్ పిల్లల హోంవర్కు బడిలోనే చివరి పీరియడ్‌లో చేయిస్తారు. హజ్రత్‌కి మొదట ఇష్టం లేదు. కొత్త పాఠం ఆగితే పిల్లాడి ఊపు పోతుందన్నారు. పట్టికలో ఆ వారాల ఎంట్రీలు చూపిస్తే ఒక టర్మ్ చూద్దామన్నారు. తర్వాతి పరీక్షల్లో మంజిల్ అంతలా జారలేదు, లెక్కల హోంవర్కు వస్తోంది. మార్కులు పెరిగాయా అంటే, ఒక్క టర్మ్ చూసి అలా చెప్పడం నాకు ఇష్టం లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ‘చదువు మానేసే ప్రమాదం’ అని పిల్లలకు స్కోరు వేసే సదుపాయం కూడా ఉంది. దాన్ని ఆపించాను. ఇంత కొద్దిమంది పిల్లల లెక్కలతో వేసిన స్కోరుకి బలం ఉండదు. పైగా తండ్రి వృత్తిని బట్టి పిల్లాడి మీద ముద్ర పడుతుంది. “లారీ డ్రైవర్ పిల్లలు మానేస్తారని యంత్రం చెప్పాలా సార్” అని హెడ్‌మిస్ట్రెస్ విసుక్కున్నారు. దాని బదులు బడికీ మక్తబ్‌కీ వరసగా మూడు రోజులు రాని పిల్లల జాబితా ఒకటి వస్తుంది. క్లాస్ టీచరు తల్లికి ఫోన్ చేస్తారు.

ఇప్పటి పరిస్థితి

ఖాయిదా పిల్లల సమస్య అలాగే ఉంది. ఒక్క హజ్రత్, అన్ని గొంతులు. దానికి ఇంకో ఉస్తాద్‌ని పెట్టాలి. యాప్‌కి ఏడాదికి కట్టాల్సిన డబ్బులో ఎక్కువ భాగం ఆ జీతానికి మళ్లించమని కమిటీకి రాశాను, ఇంకా నిర్ణయం రాలేదు. కరస్పాండెంట్ ఫ్లెక్సీ మాత్రం వేయించారు, ‘ఏఐ’ అన్న అక్షరాలు బడి పేరుకంటే పెద్దవి.

ఈమధ్య హజ్రత్ ఊరెళితే ఒక యువ హాఫిజ్ (ఖుర్‌ఆన్ కంఠస్థం చేసినవాడు) కొన్ని వారాలు వచ్చి చూసుకున్నాడు. ఇంతకుముందైతే పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికే వారం పోయేది. ఈసారి పట్టిక చేతికిచ్చాం. ఆయన దాన్ని పక్కన పెట్టుకుని అందరినీ మళ్లీ తానే చదివించుకున్నాడు. ఇద్దరు పిల్లల మంజిల్ దగ్గర ‘పక్కా’ కొట్టేసి ‘కచ్చా’ అని చెప్పాడు. హజ్రత్ తిరిగొచ్చాక పట్టికలో ఒక గడి చేర్పించారు, ‘విన్నది ఎవరు’ అని. ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉన్న ఎంట్రీని క్లర్కు లెక్కలోకి తీసుకోడు.